బొట్టు పెట్టని ఆరో డిస్కు

2024లో ఆయుధ పూజ అయిపోయిన రెండు మూడు రోజులకు జరిగిన సంగతి ఇది. తమిళనాట ధర్మపురి బస్టాండుకు రెండు వీధుల అవతల మా ఇంటి ముందుగదే నా దుకాణం. గుమ్మానికి కట్టిన మామిడాకులు అప్పటికి ఇంకా ఎండలేదు. పూజలో పెట్టిన బొరుగులు, శనగలు డబ్బాలో సగం మిగిలి ఉన్నాయి. పొద్దున్నే వెల్లిచందై పల్లె నుంచి సెల్వి ఫోన్ చేసింది. ఇంట్లో సర్వర్ లేవడం లేదు, ఒకసారి వచ్చి చూడగలరా అని అడిగింది. వస్తానని వెంటనే అనలేదు. ఎందుకు అనలేదో ముందు చెప్పాలి.

నా పని పాత రాక్ సర్వర్లు. పెద్ద కంపెనీల కంప్యూటర్ గదుల్లో మనిషెత్తు ఇనుప చట్రాలుంటాయి. వాటిని రాక్ అంటారు. అందులో అరల్లాగా ఒకదాని మీద ఒకటి తోసి బిగించే పలకలాంటి, బరువైన కంప్యూటరే రాక్ సర్వర్. కంపెనీలు కొన్నేళ్లు వాడి, కొత్తవి రాగానే వాటిని వదిలించుకుంటాయి. బెంగళూరులో అవి ఇనుము తూచినట్టు తూచి అమ్ముడుపోతాయి. వదిలించుకున్నంత మాత్రాన అవి చెడిపోయినవి కావు. వాటిలో చాలా వాటికి ఇంకా పదేళ్ల ఆయుష్షు ఉంటుంది. ఆ మాట పదేళ్లు అలాంటి గదిలోనే పనిచేసి చెబుతున్నాను. అక్కడ నాకు రావలసిన పదోన్నతి నా దగ్గరే పని నేర్చుకున్న మనిషికి ఇచ్చారు. అతని పేరు ఇక్కడ రాయను. మరచిపోయి రాయకపోవడం కాదు.

మానేసి ఊరికి వచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాను. లోపలికి వచ్చి, నా వెనక తలుపు వైపు చూస్తూ "సార్ లేరా?" అని అడిగిన వాళ్ల ముఖాలన్నీ నాకు గుర్తే.

రాక్ సర్వర్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఇంట్లో పెట్టుకోలేం. కంపెనీ గదుల్లో మనుషులు కాపురం ఉండరు గనక అందులో ఫ్యాన్లు ఎంత రొద చేసినా అడిగేవాడుండడు. అదే యంత్రాన్ని ఇంట్లో ఆన్ చేస్తే పక్కింటివాళ్లు పిండిమర పెట్టారా అని అడుగుతారు. ఆ చిన్న ఫ్యాన్లు తీసి నిదానంగా తిరిగేవి బిగించాలి. వేడి ఎటు పోవాలో దారి చూపించాలి. కరెంటు పోయినప్పుడు తనంతట తాను పద్ధతిగా ఆగేలా యూపీఎస్‌కు కలపాలి. నేను చేసేది ఇదే. మా ఇంట్లో మంచం పక్కనే ఒక సర్వర్ నడుస్తుంది. మా ఆయన గురక దాని మోత కంటే ఎక్కువ.

సెల్వి భర్త మాణిక్యం. ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటు. బెంగళూరు నుంచి పాత సర్వర్ ఒకటి బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చాడు. వాళ్లూ మాలాగే తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అక్షరాలు మాత్రం తమిళానివే. నాకు తెలుగు రాత మా నాయన పట్టుబట్టి నేర్పించాడు కాబట్టి వచ్చింది. మాణిక్యం సర్వర్‌కు ఫ్యాన్లు మార్చి, పైరేకు కోసి గ్రాఫిక్స్ కార్డు పట్టేలా చేసిచ్చాను. ఆ పని మీదే ఒకసారి వాళ్ల కాలేజీకి వెళ్తే, ప్రిన్సిపాల్ ముందు నన్ను పరిచయం చేస్తూ మాణిక్యం నవ్వుతూ అన్నాడు: "ఈమె ఫ్యాన్లు మార్చే ఆమె సార్."

పదేళ్లు సర్వర్ గది నడిపినదాన్ని. ఫ్యాన్లు మార్చే ఆమె. ఆ మాట నాకు ముల్లులా దిగింది.

ఆ తర్వాతి ఏడాది మాణిక్యానికి గొంతులో పుండు వచ్చింది. సేలంలో చూపిస్తే గొంతుపెట్టె తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందు అతను నా దగ్గరకు వచ్చాడు. అప్పటికే గొంతు బొంగురుపోతోంది. మనిషి గొంతును ముందే రికార్డు చేసి పెట్టుకుంటే, ఆ గొంతుతోనే కొత్త వాక్యాలు పలికించే ప్రోగ్రాములు వచ్చాయని, వాటిని తన సర్వర్‌లో నడపడానికి సాయం కావాలని అడిగాడు. ఫోన్లలో మాట్లాడే గొంతులు ఉన్నాయి కదా అన్నాను.

"తమిళం మాట్లాడతాది, ఇంగ్లీషు మాట్లాడతాది. మా ఇంటి మాట ఏ ఫోనుకు వస్తాదక్కా? అమ్మకు సదువు రాదు. నేను రాసి చూపిస్తే ఆమెకేం తెలుస్తాది?"

ఆ ప్రోగ్రాములు అతని సర్వర్‌లోకి ఎక్కించి ఇచ్చాను.

మునెమ్మ, అంటే అతని తల్లి, ఇళ్ల కట్టుబడి పనుల్లో ఇసుక తట్టలు మోసి అతన్ని డిప్లొమా దాకా చదివించింది. ఒక్క అక్షరం రాదు. ఇక మీదట మాణిక్యం ఏం చెప్పదలచుకున్నా సెల్వి చదివి వినిపించాలి. సెల్వి పగలంతా పనికి పోతుంది. పగలు తల్లీ కొడుకులు చేతులతో సైగలు చేసుకోవాలి. ఉన్న కొద్ది వారాల్లో మాణిక్యం తన గొంతును సర్వర్‌లోకి ఎక్కించాడు. చిన్న కూతురితో సహా ఇంట్లో వాళ్ల పేర్లు, వంటల పేర్లు, ఎవరెవరిని ఎలా పిలుస్తాడో ఆ పిలుపులు, అలిగినప్పుడు అనే మాటలు, అన్నీ. ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చాక వంటింట్లో గూటిలో ఒక స్పీకర్ పెట్టాం. అతను ఫోనులో తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు టైపు చేస్తే స్పీకర్ అతని గొంతుతో పలికేది. కొంచెం చదివినట్టు పలికేది గాని గొంతు అతనిదే. మునెమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ గూటి వైపు తిరిగి జవాబులు చెప్పేది.

ఇక రెండో గొడవ. సర్వర్‌లో ఆరు డిస్కులు ముందువైపు పుస్తకాల్లా నిలువుగా, వరసగా ఉంటాయి. ఆరూ కలిసి ఒకే పెద్ద డిస్కులా పనిచేసే ఏర్పాటును రెయిడ్ అంటారు. ఏ ఫైలునైనా అది ముక్కలు చేసి అన్నింటిలోనూ సర్దుతుంది. ఒక డిస్కు పోయినా మిగిలిన ఐదింటిని బట్టి లెక్కగట్టి పోయిన ముక్కలు రాబడుతుంది. అందుకని చాలామంది రెయిడ్ ఉంటే చాలు, వేరే కాపీ అక్కరలేదనుకుంటారు. కాపీ కావాలి. మాణిక్యంతో ఎన్నిసార్లు చెప్పానో. చివరికి కాపీ కోసమని వేరే డిస్కు కొనిపించాను. తీరా చూస్తే అతను దాన్ని కూడా రెయిడ్‌లోనే దూర్చాడు. ఆరోది అదే. చోటు చాలలేదట. నేను నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. అతను ఫోనులో ఏదో టైపు చేసి నా ముఖం ముందు పెట్టాడు.

"అక్కా, నాకు ఉన్న ఒక్క గొంతూ పోయింది. నా భాగం కూడా మీరే అరుస్తున్నారు."

నేను నవ్వలేదు. బండెక్కి వచ్చేశాను. దారిలో నవ్వొచ్చింది, అది వేరే సంగతి. ఆ తర్వాత అతను పిలవలేదు, నేను పోలేదు.

అందుకే సెల్వి ఫోన్ చేస్తే వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఎవరికి చూపించారని అడిగాను. హోసూరు నుంచి ఒక టెక్నీషియన్ వచ్చి చూశాడట. అంటే నన్ను కాదని అరవై మైళ్ల అవతలి వాణ్ణి పిలిచారు. అదీ గుర్తు పెట్టుకున్నాను. వంటింట్లో అత్త రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదని సెల్వి చెప్పినప్పుడు బండి తాళాలు తీసుకున్నాను.

సర్వర్ ఉండేది ఒకప్పుడు రాగులు పోసుకున్న గదిలో. మాణిక్యం మెడకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ జరిపాడు. కొత్త గొడవేమీ పెట్టుకోలేదు. అతను ఫోనులో రాసి చూపించిన దాని ప్రకారం జరిగింది ఇది: పూజనాడు ఏ యంత్రమూ నడపకూడదు గనక సర్వర్‌ను పద్ధతిగానే ఆపాడు. విజయదశమి పొద్దున ఆన్ చేస్తే డిస్కులను గుర్తుపట్టడం లేదని తెర మీద వచ్చింది. హోసూరాయన ఆ పాత సమాచారాన్ని చెరిపేసి కొత్తగా మొదలుపెడితే లేస్తుందని చెరిపేశాడు. లేవలేదు. తాను తిరిగి రాబట్టగలిగింది ఏమీ లేదని వెళ్లిపోయాడు.

ఆయన చెరిపింది గొంతును కాదు. ఏ డిస్కు తర్వాత ఏ డిస్కు అన్న వివరాన్ని చెరిపాడు. ముక్కలన్నీ డిస్కుల్లోనే ఉన్నాయి. వరస తెలియకపోతే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అయినా సర్వర్ ఆపి ఆన్ చేసినంత మాత్రాన వరస ఎందుకు తప్పాలి? కరెంటు దోషమేమో అని మాణిక్యం అనుకుంటున్నాడు. డిస్కులను మా ఇంటికి తీసుకుపోయి చూస్తానన్నాను. అతను వాటిని చుట్టడానికి గుడ్డలు తెస్తానని లోపలికి వెళ్లాడు. నేను మొదటి డిస్కు లాగాను.

డిస్కు పక్కభాగాన, బయటికి కనిపించని చోట, మూడు విభూతి గీతలున్నాయి.

తలెత్తితే గుమ్మంలో మునెమ్మ. రెండు చేతులతో ద్వారబంధాన్ని పట్టుకుని ఉంది.

"తాయీ, వానికి చెప్పొద్దు."

"ఏం చేసినారమ్మా?"

"పూజ చేసినాను." ఆమె గొంతు బాగా తగ్గించింది. "మిక్సీకి బొట్టు పెట్టినాము, కొడవలికి పెట్టినాము, గుద్దలికి గూడ పెట్టినాము. నా బిడ్డ గొంతు దీంట్లో ఉండాది. దీన్ని దుమ్ముతోనే ఎట్ల వదిలేది? లాగితే ఒక్కొక్కటీ వచ్చినాది. తుడిచి, బొట్టు పెట్టి, మళ్ల పెట్టినాను. ఏది ఏడ ఉండిందో సూసుకోలేదు తాయీ. అన్నీ ఒగే మాదిరి ఉండాయి కదా."

ఎవరు తప్పు చేసినా నేను ఊరుకునే మనిషిని కాను. ఆ రోజు మాత్రం తిట్టకుండా రెండో డిస్కు లాగాను. మా వైపు ఆయుధ పూజ అంటే బస్సుకు అరటిపిలకలు కట్టడం, తక్కెడ దగ్గర నుంచి కుట్టుమిషన్ దాకా తోమి, కడిగి, చందనం పెట్టడం. అన్నం పెట్టే ప్రతి వస్తువుకూ ఆ ఒక్క రోజు మనం అన్నం పెడతాం. ఆమె ఆ ఇంట్లో అన్నింటికంటే విలువైన వస్తువు ఏదో సరిగ్గానే గుర్తుపట్టింది. చెప్పనని మాటిచ్చాను. ఆరు డిస్కులూ గుడ్డల్లో చుట్టి తెచ్చాను.

మా ఇంట్లో వాటిని బల్ల మీద పరిచాను. మొదట డిస్కులను శుభ్రం చేసి తర్వాత పని మొదలుపెట్టడం మా పద్ధతి. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. అంతలో బొట్లన్నీ ఒకేలా లేవని గమనించాను. ఒకదానికి పెద్ద చందనం బొట్టు, దాని మీద కుంకుమ. ఒకదానికి విభూతి. ఒకదానికి వట్టి చందనం. ఒకదానికి పసుపు కుంకుమలు. ఒకదానికి చిన్న కాటుక చుక్క. ఆరోదానికి ఏమీ లేదు. అద్దంలా తుడిచి ఉంది.

నా అనుమానం హోసూరాయన మీదకు పోయింది. అసలు డిస్కు పట్టుకుపోయి వేరేది పెట్టాడేమో అనుకుని ఫోన్ చేసి అడిగాను. ఆయన మర్యాదగా మాట్లాడి, మధ్యలో పెట్టేశాడు. ఆ లెక్క ఇంకా అలాగే ఉంది.

గుడ్డ పక్కన పెట్టి, ప్రతి డిస్కునూ ఉన్నది ఉన్నట్టుగా నా సర్వర్‌లోకి నకలు తీయడం మొదలుపెట్టాను. అసలు వాటి మీద ఏ ప్రయోగమూ చేయకూడదు. తప్పు వరసలో కలిపితే, డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డు తనకు తోచినట్టు సరిదిద్దుతూ ఉన్నవాటి మీదే రాసేస్తుంది. ఐదు డిస్కులు బుద్ధిగా నకలు ఇచ్చాయి. వట్టి చందనం బొట్టు ఉన్నది మాత్రం మొరాయించింది. టిక్కు టిక్కుమని శబ్దం చేస్తూ కొంత ఇచ్చింది, కొంత ఇవ్వలేకపోయింది. దాని కాలం అయిపోవచ్చింది. అది ఇవ్వని ముక్కలు రావాలంటే మిగిలిన ఐదూ ఉండాలి. బొట్టు లేని ఆ డిస్కు పరాయిదైతే ఇక ఆశ లేదు.

మర్నాడు మాణిక్యం కాలేజీకి పోయే వేళ చూసుకుని వెల్లిచందై వెళ్లాను. మునెమ్మ వసారాలో చింతపండు ముందు పోసుకుని గింజలు తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆపేసింది. పక్కన కూర్చుని, నేనూ ఒక కాయ అందుకుని గింజ తీశాను. బొట్లు ఎలా పెట్టారో చెప్పమన్నాను. ఆమె గింజలు ఆరు తీసుకుని చేటలో ఎడమ నుంచి కుడికి పేర్చింది. పండగనాడు ఇంట్లో బొట్టు పెట్టే వరసే పెట్టానంది. ఎడమ చివర మొదలుపెట్టి ఒకటి తీయడం, బొట్టు పెట్టడం, బట్ట మీద ఉంచడం, ఇంకొకటి తీయడం.

"ముందు సామికి. చందనం, పైన కుంకుమ. ఆమేట్కి మా ఇంటాయనకు. పోయినాడు కదా, విభూతి పెట్టినాను. మూడోది మాణిక్యానికి, ఉత్త చందనం. వానికి కుంకుమ పెడితే చెరిపేసుకుంటాడు. నాలుగు సెల్వికి. ఐదు పాపకు, దిష్టి తగలకుండా కాటుక."

"ఆరోది?"

"అది నాది."

"దానికి బొట్టు లేదే?"

ఆమె చిన్నగా నవ్వింది. "నాకేం బొట్టు తాయీ. తుడిచి పెట్టినాను. బాగా తుడిచినాను."

భర్త పోయిన నాటి నుంచి ఆమె నుదుటి మీద ఏమీ లేదు. ఆ డిస్కు మీదా లేదు. నేను రెండు రోజులుగా పరాయిదని అనుమానించింది ఆమెను.

ఇంటికొచ్చి నకళ్లను ఆ వరసలో పేర్చాను. సామి, పోయినాయన, మాణిక్యం, సెల్వి, పాప, మునెమ్మ. మాణిక్యం డిస్కు ఇవ్వలేకపోయిన చోట మిగిలిన ఐదూ కలిసి లెక్కగట్టి నింపాయి. కొంతసేపటికి తెర మీద తమిళ అక్షరాలతో ఫోల్డర్లు తెరుచుకున్నాయి. ఫోల్డర్ కనిపిస్తే సరిపోదు, ఫైలు నడవాలి. మొదటిదాన్ని నొక్కాను.

"అమ్మా, తిన్నావా? నాకోసరం కాసుకోని కూసోవద్దు. తిను."

చివర చిన్న దగ్గు, వెనకాల ఎక్కడో కోడి అరుపు. వీధిలో బడి వదిలిన పిల్లలు గోల చేస్తూ పోతున్నారు. తలుపు వేసి వచ్చి, మళ్లీ ఒకసారి విన్నాను. ఆ తర్వాత ఎవరినీ అడగకుండా, ముందుగా ఒక కాపీ నా సర్వర్‌లో దాచాను.

ఆదివారం నాడు డిస్కులు తీసుకుని వెల్లిచందై వెళ్లాను. మాణిక్యం డిస్కు స్థానంలో కొత్తది. మిగిలిన ఐదూ పాతవే, వాటి మీది బొట్లు అలాగే ఉన్నాయి. తుడిచేసి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. చేయి రాలేదు. చెప్పనని మాటిచ్చాను. నేను నోరు విప్పలేదు. సంచీ తీసి మాణిక్యం చేతికిచ్చి, వరసగా పెట్టమన్నాను.

అతను మొదటిది తీసి చందనం చూశాడు. రెండోది తీసి విభూతి చూసి చాలాసేపు పట్టుకున్నాడు. గుమ్మంలో మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కాటుక చుక్క దగ్గరకు వచ్చేసరికి అతనికి అంతా తెలిసిపోయింది. ఆరోదాన్ని అటూ ఇటూ తిప్పాడు. నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను.

మాణిక్యం లేచి దేవుడి గూటి దగ్గరకు పోయాడు. చందనం గిన్నె తెచ్చి, వేలు ముంచి, ఆరో డిస్కు మీద గుండ్రంగా, తీరుబడిగా బొట్టు పెట్టాడు.

"ఒద్దురా," అంది మునెమ్మ.

అతను దాన్ని ఆమెకు చూపించి, దాని చోట్లోకి తోశాడు. తర్వాత కొత్త డిస్కుకు తన బొట్టు తనే పెట్టుకున్నాడు.

సర్వర్ లేచింది. ఫ్యాన్లు ఒకసారి గట్టిగా తిరిగి, నేను బిగించిన తీరుకు తగ్గి, నెమ్మదించాయి. అతను ఫోను తీసుకుని టైపు చేశాడు. వంటింటి గూట్లోంచి వినపడింది.

"అమ్మా, ఫ్యాన్లు మార్చే అక్కకు కాఫీ ఇయ్యి."

"ఇస్తా నాయనా," అంది మునెమ్మ, ఆ గూటి వైపు తిరిగి. అప్పటికే పొయ్యి మీద గిన్నె పెట్టింది. ముందు నువ్వు తిను అని సెల్వి అత్తకు కంచం తెచ్చింది.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. చేతికొచ్చిన వస్తువును తుడిచే ముందు దాని మీద ఎవరు ఏం పెట్టారో చూడాలి. డిస్కుల మీద అంకెల చీటీలు అంటించడం ఆ తర్వాత నుంచి నా అలవాటు. వెల్లిచందైలో మాత్రం అంటించలేదు. అక్కడ అవసరం లేదు. ప్రతి ఆయుధ పూజకూ మునెమ్మ వాటిని తీసి, తుడిచి, అదే వరసలో పెడుతుంది. ఆరింటికీ బొట్టు ఉంటుంది.

మాణిక్యం గొంతు ఇప్పుడు అతని ఇంట్లో ఒకటి, నా ఇంట్లో ఒకటి, రెండు కాపీలుగా ఉంది. నిజానికి మూడోది కూడా ఉంది. ఆ రోజు కాలేజీలో ప్రిన్సిపాల్ ముందు అతను నన్ను అన్న మాట నేనింకా మరచిపోలేదు. రికార్డు చేసింది కాదు, యంత్రం పలికింది కాదు. అతని సొంత గొంతుతో, ఆ నవ్వుతో సహా, నా చెవుల్లో అలాగే ఉంది. దాన్ని మాత్రం ఎవరు అడిగినా చెరపను.